సన్నవాళ్ళు ముందు లేస్తారు

ఆ ఊళ్ళో ఏ బస్సు బయల్దేరాలన్నా ముందు ఆయన చేసిన చప్పుడు మోగాలి. బస్టాండు మైకులో ఆడగొంతు ఫలానా బస్సు ఫలానా చోట ఉందని చెప్పబోయే ముందు, జనం మాటలాపి తలెత్తడానికి ఒక టింగ్, దాని వెనకాలే ఒక టాంగ్ వస్తాయి. ఆ రెండూ పాతికేళ్ళుగా ఆయనవే. అందుకే తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎప్పుడో అటకెక్కింది. చిన్నా పెద్దా అందరికీ ఆయన టింగ్‌టాంగ్ బాబాయి. ఆయన భార్యని కూడా కొన్నాళ్ళు టింగ్‌టాంగ్ పిన్ని అన్నారు గాని, అలా అన్నవాళ్ళలో ఒకరిద్దరికి చొక్కాలు మెడ దగ్గర బిగుతుగా వచ్చాక ఆ అలవాటు మానుకున్నారు. ఆవిడ టైలరు. ఆవిడని టైలరమ్మ అనే పిలుస్తారు.

ఇంట్లో ముందుగది ఆవిడది, వెనకగది ఆయనది. ముందుగదిలో కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల, ఇస్త్రీకి ఎదురుచూసే గుట్టలు. వెనకగదిలో ఒక పాత కంప్యూటరు, రెండు స్పీకర్లు, అరిగిపోయిన కీబోర్డు. గది ప్రతిధ్వనిస్తోందని ఆయన గోల పెడితే, ఆవిడ తన దగ్గర మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి దళసరి బొంతలు కుట్టి నాలుగు గోడలకీ కొట్టించింది. ఊళ్ళో ఎవరు ఏ ఏడు ఏ రంగు కట్టారో ఆ గోడలు చూసి చెప్పొచ్చు.

ఆయన పనేమిటో చెప్తే కొత్తవాళ్ళు నమ్మరు. లిఫ్టు వచ్చి ఆగినప్పటి చప్పుడు, తలుపు గంట చప్పుడు, బట్టలుతికే మిషను పనైపోయిందని చెప్పే చప్పుడు, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని చెయ్యాలి కదా. ఆయన అలా కూర్చునే మనిషి. మనం పట్టించుకోకుండా దాటిపోయే రెప్పపాటు చప్పుడు కోసం తిండి ధ్యాస లేకుండా వారాల తరబడి కూర్చుంటాడు. విన్నవాడు ఉలిక్కిపడకూడదు, అలాగని వినకుండానూ ఉండకూడదు, తెలిసినవాళ్ళు భుజం మీద చెయ్యి వేసినట్టుండాలి అంటాడు. నిజంగానే అలాగే ఉంటాయవి. నమ్మకపోతే ఆ ఊరి బస్టాండులో కాసేపు కూర్చుని చూడండి. టింగ్ అనగానే చంటిపిల్లలు కూడా ఏడుపాపి పైకి చూస్తారు, మళ్ళీ తీరిగ్గా ఏడుస్తారు.

ఈ పిచ్చి ఎప్పటిదో టైలరమ్మకి బాగా తెలుసు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఆవిడ చేతిలోంచి స్టీలు మూత జారి నేల మీద పడింది. కొత్త కోడలి గుండె గుభేలుమంది. వెనకగదిలోంచి మొగుడు పరుగున వచ్చాడు. తిడతాడేమో అనుకుంది. ఆయన మూత తీసి ఆవిడ చేతికే ఇచ్చి మళ్ళీ పడెయ్యమన్నాడు. పడేసింది. మళ్ళీ అన్నాడు. ఆ సాయంత్రానికి ఇంట్లో సొట్టపడని మూత మిగల్లేదు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఏ గిన్నె మీదా ఏ మూతా కుదురుగా కూర్చోదు.

అప్పుడే చెప్పాడాయన. మనం ఒక్క చప్పుడు అనుకుంటాం గాని అదొక ఉమ్మడి కుటుంబమట. కింద లావుపాటి పెద్దాయన ఒకడుంటాడు. చివరిదాకా కదలడు. పైన సన్నసన్నటివాళ్ళు బోలెడుమంది. తళుకంతా వాళ్ళదే, కాని ముందు లేచి వెళ్ళిపోయేదీ వాళ్ళే. ఎవరెంత గట్టిగా మాట్లాడుతున్నారు, ఎవరెప్పుడు లేచారు, ఇది తెలిస్తే చాలు, ఏ చప్పుడునైనా మళ్ళీ మొదట్నుంచి పేర్చుకోవచ్చట. ఒట్టి ఈల లాంటి స్వరాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఇదిగో గంట, ఇదిగో గాజుగ్లాసు అని చెయ్యొచ్చట.

కొత్త పెళ్ళాం ఇదంతా నోరు తెరుచుకుని విని "బాగుందండీ" అంది. అక్కడే చిక్కొచ్చింది. తర్వాత ఆయన ఏది వినిపించినా బాగుందనే అంది. మొదట్లో ముచ్చటపడి అంది, తర్వాత అలవాటుగా అంది, ఆ తర్వాత చేతిలో కుట్టుపని వదల్లేక అంది. ఒకసారి ఆయన కావాలని పాడుచేసిన చప్పుడొకటి వినిపించాడు. దానికీ బాగుందంది. అప్పట్నుంచి అడగడం మానేశాడు. మా ఆవిడకి చెవులు కమ్మలు పెట్టుకోడానికే అని బావమరిది దగ్గర నవ్వేవాడు. ఆవిడా నవ్వేది. లోపల కాస్త చివుక్కుమనేది గాని, తప్పు తనదే కదా అని సరిపెట్టుకునేది.

ఆ బావమరిది, అంటే టైలరమ్మ తమ్ముడు, మైకుసెట్లు అద్దెకిస్తాడు. నోరు కాస్త పెద్దది, మనసు అంతకంటే పెద్దది. పాత బస్టాండు పడగొట్టి కొత్తది కడుతున్నారని, కొత్త హాలుకి కొత్త చప్పుడు కావాలని, దాన్ని కూడా బావే చెయ్యాలని బస్టాండు అధికారి పట్టుబట్టాడని కబురు మోసుకొచ్చింది అతనే. పాతదానికి తోబుట్టువులా ఉండాలన్నాడట ఆ అధికారి. ఆ మాట విని టింగ్‌టాంగ్ బాబాయి మొహం చాటంత చేసుకున్నాడు.

కబురుతోపాటు తమ్ముడు ఇంకోటి కూడా తెచ్చాడు. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేరట. అడిటివ్ సింథసైజర్ అంటారట. బావ ఇన్నాళ్ళూ చేత్తో పేర్చిన పనే అది చేస్తుందట, కాని ఎన్ని స్వరాలంటే అన్ని. కొనేముందు కొన్నాళ్ళు ఊరికే వాడి చూసుకోవచ్చు. పాత కంప్యూటరులోకి దాన్ని ఎక్కించేసరికి తమ్ముడికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి తెర మీద నిలువు గీతలు దువ్వెన పళ్ళలా వరసగా నిలబడ్డాయి. ఒక్కో గీత ఒక్కో స్వరం. ఎడమవైపు లావువి, కుడివైపుకి పోయేకొద్దీ సన్నవి. ఏ గీతనైనా ఒంటరిగా నొక్కి వినొచ్చు, ఎత్తొచ్చు, దించొచ్చు, ఎంతసేపుండి ఎప్పుడు లేచిపోవాలో చెప్పొచ్చు. ఆయన పాత ప్రోగ్రాములో ఆ వీలు లేదు. అందులో ఒకసారి కలిపితే కలిపినట్టే, పిండి కలిపాక నీళ్ళేవంటే ఏం చూపిస్తాం. టింగ్‌టాంగ్ బాబాయి ఆ గీతల మీద ఎడమనుంచి కుడికి వేలు జరుపుకుంటూ పోయాడు. ఆయన బుర్రలో ఇన్నేళ్ళూ ఉన్న బొమ్మే అది. ఎవరో దూరాన కూర్చుని దాన్ని యథాతథంగా తెర మీదికెక్కించారు.

"ఎందుకండీ ఇప్పుడది? ఉన్నదాంతో చేసుకోలేరా?" అంది టైలరమ్మ గుమ్మంలో నిలబడి.

ఖరీదు తక్కువేం కాదు. కాబట్టి ఆవిడ బాధ డబ్బు గురించేనని ఇద్దరూ అనుకున్నారు. అక్క చేతిలోంచి రూపాయి రావాలంటే కత్తెర పెట్టి కోయాలని తమ్ముడు ఎగతాళి చేశాడు. ఆవిడ కాదనలేదు. పిసినారి అనిపించుకోవడమే ఆ రోజు ఆవిడకి కావలసింది. అసలు సంగతి బయటపడకుండా దాక్కోడానికి అంతకంటే మంచి చాటు దొరకదు.

అసలు సంగతి ఏమిటంటే, ఆయన చెవులకి సన్నస్వరాలు వినపడ్డం మానేశాయి. ఆ సంగతి ఆయనకి తెలియదు. ఆవిడకి తెలుసు.

మొదట ఫ్రిజ్ చెప్పింది. తలుపు సరిగ్గా పడకపోతే అది కీచుమని మొత్తుకుంటుంది. ఆయన పక్కనే నిలబడి నీళ్ళు తాగుతూ, అది మొత్తుకుంటుంటే ఏదో రాగం తీసుకుంటున్నాడు. తర్వాత జ్వరమొచ్చినప్పుడు థర్మామీటరు కూయడం అయిపోయినా దాన్ని నోట్లోనే పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. ఇదొకటే అయితే వయసు అనుకుని ఊరుకునేది. కాని ఆయన చేసే చప్పుళ్ళు కూడా మారాయి. ఏం చేసినా తనకి మందంగా వినిపిస్తోందని, స్పీకర్లు పాడయ్యాయని, రెండుసార్లు స్పీకర్లు మార్చాడు. అయినా మెరుపు చాల్లేదని పైన ఇంకా ఇంకా పోశాడు. ఆ మధ్య ఒక అపార్ట్‌మెంటు లిఫ్టుకి ఆయన చేసిచ్చిన చప్పుడు విని ఆవిడకి పళ్ళు పులిసినట్టయింది. బట్టలివ్వడానికి మళ్ళీ అక్కడికి వెళ్ళినప్పుడు చూస్తే లిఫ్టులో స్పీకరు మీద ఎవరో టేపు అంటించారు, ఒకటి చాలక దాని మీద ఇంకోటి. భుజం మీద చెయ్యి వేసినట్టుండాలన్న మనిషి చప్పుడుకి టేపు. ఆవిడ ఆ రోజు మెట్లు దిగి వచ్చింది, లిఫ్టెక్కలేదు.

ఇంటికొచ్చి చెప్పొచ్చు. చెప్పలేకపోయింది. ఆవిడకి మామగారు గుర్తొచ్చారు. ఆయన లేతుమిషను మీద పనిచేసేవాడు. ఇనుము మీద గీత గీసి, ఆ గీత దగ్గరే వెంట్రుకవాసి తేడా లేకుండా కోసేవాడు. ఒకరోజు ఆ గీత కనపడలేదు. కళ్ళద్దాలు మార్చినా కనపడలేదు. పనిముట్లు నూనె రాసి కట్టిపెట్టి, వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. అంతే. ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీలోనే ఉన్నాడు గాని మనిషి లేడు. తన మొగుడు వరండాలో కుర్చీలో కూర్చుంటే చూడగలదా? చూడలేదు. అందుకే కడుపులో పెట్టుకుంది. ఇప్పుడేమో ఏ స్వరానికి ఆ స్వరం విడదీసి వినిపించే సాఫ్ట్‌వేరు ఇంట్లోకొచ్చి కూర్చుంది. దాచిపెట్టిన సంగతి అది ఇట్టే చెప్పేస్తుంది.

విచిత్రం, చెప్పలేదు. ఆయనే చెప్పనివ్వలేదు.

మూడోరోజు ఆయన వెనకగదిలోంచి విజయగర్వంతో బయటికొచ్చాడు. ఆ కంపెనీవాళ్ళ గుట్టు పట్టేశాడట. ఎడమనుంచి గీతలు నొక్కుకుంటూ పోతే అన్నీ మోగుతున్నాయి, కొంతదూరం పోయాక ఒక్కటీ మోగట్లేదు. ఎందుకు మోగట్లేదు? ఊరికే వాడుకోమని ఇచ్చింది కదా, పై స్వరాలన్నీ నొక్కిపెట్టుకున్నారు. డబ్బు కడితేగాని విప్పరు. బజార్లో పళ్ళవాడు కూడా ఒక ముక్క కోసి రుచి చూపిస్తాడు, వీళ్ళకి ఆపాటి మర్యాద లేదా అని ఒకటే రుసరుసలు. ఆయన అలా మాట్లాడుతూ, ఉదాహరణకి చూడు అని వెళ్ళి గీతల్ని టకటకా నొక్కాడు. ముందుగదిలో సూదిలో దారం ఎక్కిస్తున్న టైలరమ్మకి ఒక్కో ఈలా చెవిలో గుచ్చుకుంది. ఒక్కటి కూడా మూగబోలేదు. ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నలభై ఏళ్ళు చెవులతో బతికిన మనిషి, లోకమంతటినీ అనుమానిస్తాడు గాని తన చెవుల్ని మాత్రం అనుమానించడు.

తమ్ముణ్ణి పిలిపించి కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాయించాడు. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. ఊరికే ఇచ్చినదాంట్లో చేసింది దాచుకునే వీలు లేదు తప్ప, స్వరాలన్నీ ఉన్నాయన్నారు. ఇంకా అనుమానముంటే స్పీకర్లు చూసుకోమన్నారు. తమ్ముడు అది చదివి వినిపించి, నసుగుతూ అక్క మొహం చూశాడు. అతనికీ ఏదో తట్టినట్టుంది. ఆవిడ కళ్ళతోనే వద్దంది. టింగ్‌టాంగ్ బాబాయి మాత్రం చెయ్యి విసిరి, అబద్ధాలాడేవాళ్ళ సరుకు మనకొద్దు, పాతదాంతోనే చేస్తాను అని తేల్చేశాడు.

టైలరమ్మ కోరుకున్నదే జరిగింది. సాఫ్ట్‌వేరు కొనడం లేదు, సంగతి బయటపడలేదు, డబ్బు కూడా మిగిలింది. ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి వారం కూడా నిలవలేదు. ఆయన పాత ప్రోగ్రాములో రాత్రింబవళ్ళు కూర్చుని కొత్త చప్పుడు పేర్చాడు. ఒక మధ్యాహ్నం తలుపు తెరిచి ముందుగదికి వినపడేట్టు మోగించాడు. కింద పెద్దాయన అద్భుతంగా ఉన్నాడు. నిజంగా పాత టాంగ్‌కి తోబుట్టువే, పాతదానికంటే కూడా నెమ్మదైన చెయ్యి. ఆ చెయ్యి వెనకాలే పైనుంచి ఒక కీచుదనం దూసుకొచ్చింది. కొలతలివ్వడానికి వచ్చినావిడ చంకలో బిడ్డ బెంబేలెత్తి ఏడ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి తృప్తిగా నవ్వుతూ, బిడ్డకి ఆకలేస్తోందేమో చూడమ్మా అన్నాడు.

ఆ నవ్వు చూసి టైలరమ్మ కొలతలు రాసుకోవడం ఆపేసింది. ఇది బస్టాండులో పెడతారు. పొద్దస్తమానం మోగుతుంది. ఊరు ఊరంతా చెవులు మూసుకుంటుంది, బస్టాండు స్పీకరుకి కూడా ఎవరో టేపు అంటిస్తారు. ఇంతకాలం పిల్లల ఏడుపాపిన మనిషి ఇక పిల్లల్ని ఏడిపిస్తాడు. తను కాపాడుతున్నది ఆయన పరువా, పనా? పని పోయాక పరువెక్కడుంటుంది? ఇన్నాళ్ళూ ఆయన కోసం దాస్తున్నాననుకుంది. కుర్చీలో కూర్చునే మొగుణ్ణి చూడలేక తన కోసమే దాచుకుందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

కొలతలావిడని పంపించేసి, మిషను మీద గుడ్డ కప్పి, వెనకగదిలోకి వెళ్ళింది.

"ఏమండీ, ఆ కొత్తదాన్ని ఒకసారి తెరవండి."

"ఎందుకూ? వద్దనుకున్నాం కదా. నీకూ అదేగా కావాల్సింది."

"తెరవండి. నేను అటు తిరిగి నిలబడతాను. మీరు ఒక్కో గీతే నొక్కండి. వినపడితే చెయ్యెత్తుతాను."

నీకు చెవి పరీక్షా అని ఆయన నవ్వాడు. సరదాగానే మొదలుపెట్టాడు. ఆవిడ గోడకేసి తిరిగి, తను కుట్టిన బొంతలో ఒక నీలంముక్క మీద చూపు నిలిపింది. ఎవరి బడిచొక్కాదో గుర్తురాలేదు. లావు స్వరాలు మోగాయి, చెయ్యెత్తింది, దించింది. మధ్యవి మోగాయి. తర్వాత సన్నవి. ఆవిడ చెయ్యి లేస్తూనే ఉంది. ఒకచోట వెనక నొక్కడం ఆగింది. ఆ గీతనే మళ్ళీ నొక్కాడు. చెయ్యి లేచింది. దాని పక్కది నొక్కాడు. లేచింది. కాసేపు ఏమీ లేదు. ఆవిడ కదల్లేదు. తర్వాత మౌసు టిక్కుమంది గాని ఈల రాలేదు. స్పీకరు పూర్తిగా తగ్గించి పరీక్షిస్తున్నాడని ఆవిడకి అర్థమైంది, చెయ్యి దించే ఉంచింది. మళ్ళీ టిక్కుమంది, ఈసారి ఈల వచ్చింది, చెయ్యెత్తింది. పని తెలిసినవాడు, ఏ సందూ వదల్లేదు. చివరికి వెళ్ళేసరికి టిక్కుటిక్కుమంటున్నా ఆవిడకి కూడా ఏమీ వినపళ్ళేదు.

"ఇవి నాకూ వినపడట్లేదండీ" అంది ఉన్నమాటగా.

 వెనక కుర్చీ జరిగింది, చెప్పుల చప్పుడు ముందుగది దాటింది, వీధి తలుపు పడింది. ఆవిడ వెంటనే తిరగలేకపోయింది. తిరిగి చూస్తే తెర మీద గీతలన్నీ అలాగే వెలుగుతున్నాయి.

సాయంత్రం దాకా ఆవిడ పనిచేసింది. పనంటే ఏం లేదు, చొక్కా కుడిచేతిని ఎడమవైపు కుట్టి, విప్పి, మళ్ళీ అటే కుట్టింది. రెండుసార్లు లేచి వరండాలో కుర్చీని చూసొచ్చింది. మూడోసారి దాన్ని మడిచి మంచం కిందకి తోసేసింది. చీకటిపడే వేళకి ఆయన వచ్చాడు. బస్టాండుకి వెళ్ళాడట. కొత్తది తయారయ్యేదాకా పక్కన రేకులషెడ్డు కింద నడుపుతున్నారు, పాత చప్పుడే పెట్టారు. అక్కడ నిలబడి వింటూనే ఉన్నాడట.

"దాంట్లో పైన నేను పెట్టినవి ఉన్నాయి" అన్నాడు. "ఎంత కష్టపడి పెట్టానో నాకు తెలుసు. ఇవాళ ఒక్కటీ వినపడలేదు. జనం మాత్రం ఎప్పట్లాగే తలెత్తి చూస్తున్నారు."

ఆవిడ మంచినీళ్ళిచ్చింది. తాగలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఫ్రిజ్ కూత మీకు వినపడనప్పట్నుంచి."

"నోట్లో బెల్లముక్కుందా? చెప్పలేకపోయావా?" ఆయన గొంతు పెరిగింది. "ఊరందరికీ చేసిచ్చానే ఈమధ్య. లిఫ్టువాళ్ళు ఏమనుకున్నారో ఏంటో."

ఆవిడ టేపు సంగతి చెప్పింది. దాచడం ఇక చాలనుకుంది. ఆయన మంచం మీద కూలబడి చాలాసేపు తల పట్టుకున్నాడు. కాలికేదో తగిలితే వంగి చూశాడు, మంచం కింద కుర్చీ. దాన్ని చూసి ఆవిడకేసి చూశాడు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు.

"మీరు కూడా అలా కూర్చుంటారేమోనని భయమేసిందండీ" అంది ఆవిడ, ఇక ఏడుపాపుకోలేక.

ఆయన ఆ కుర్చీని ఇంకా లోపలికి కాలితో తోశాడు. "మా నాన్న పక్కన ఎవర్నీ నిలబడనిచ్చేవాడు కాదు. గీత ఆయనే గియ్యాలి, ఆయనే చూడాలి" అన్నాడు. నీళ్ళ గ్లాసు అందుకుని, "చివర్లో నీకూ వినపళ్ళేదన్నావు కదూ?" అని అడిగాడు.

"ఊఁ."

"అయితే నువ్వూ ముసలిదానివే" అని నీళ్ళు తాగాడు.

ఇదీ ఆ మనిషి. ఆ ఒక్క సాయంత్రం కింద పడ్డాడు, మర్నాడు పొద్దున్నే లేచి పనిలోకి దిగాడు. తన చెవి ఏ గీత దగ్గర ఆగిపోతోందో తెర మీద వెతికి, ఆవిడ దగ్గరున్న సుద్దముక్క అడిగి తెచ్చుకుని, తెర అంచు మీద గుర్తు పెట్టాడు. ఇటువి నావి, అటువి నీవి అన్నాడు, పొలం గట్టు పంచినట్టు. పాత ప్రోగ్రాములో ఈ పంపకం కుదరదని ఆయనకి వెంటనే తట్టింది. అందులో ఆవిడ ఎక్కడో గుచ్చుకుంటోందని చెప్పగలదు గాని ఎక్కడో చూపించలేదు. ఇందులో ఒక్కో గీతా విడిగా నొక్కి, ఇదిగో ఈ పిల్లే అల్లరి చేస్తోంది అని పట్టుకోవచ్చు. కొనాలా వద్దా అన్న ప్రశ్న అక్కడితో తీరిపోయింది. ఆ డబ్బు టైలరమ్మే బీరువాలోంచి తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. కత్తెర తేవాలా అక్కా అన్నాడు తమ్ముడు. నీ చొక్కా కొలతలు నా దగ్గరున్నాయి జాగ్రత్త అంది ఆవిడ. కంపెనీకి క్షమాపణ కూడా రాయించాడు టింగ్‌టాంగ్ బాబాయి, తప్పు స్పీకర్లది కాదని ఒప్పుకుంటూ.

ఇక రోజూ మధ్యాహ్నం మిషను ఆగేది. ఆవిడ వచ్చి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. మొదట్లో ఇద్దరూ కొట్టుకున్నారు. ఆవిడకి ఆయన భాష రాదు. బాగుంది తప్ప ఆవిడ నోట ఇంకోమాట పలకదు. అలాక్కాదు, గుడ్డయితే ఏమంటావో అదే అను అన్నాడాయన. అప్పుడు దారి దొరికింది. ఇది అంచు మరీ గట్టిగా ఉంది. ఇది దారం బయటికొచ్చినట్టుంది. ఈ రెంటికీ మధ్య కుట్టు విప్పినట్టు ఖాళీ ఉంది. ఆవిడ ఒక్కో మాట అంటుంటే ఆయన గీతలు దించేవాడు, ఎత్తేవాడు. తనకి వినపడనిదాన్ని ఆవిడ మొహం చూసి దిద్దుకున్నాడు. తన గట్టు ఇవతల మాత్రం ఎవరి మాటా వినలేదు. ఆ కింది పెద్దాయన్ని ఎంత నెమ్మదిగా కూర్చోబెట్టాడో, ఎంతసేపుంచి ఎలా వెళ్ళనిచ్చాడో వింటే, ఆ చెవులకి ఏదో తగ్గిందని ఎవరూ అనరు.

కొత్త హాలులో చప్పుడు పెట్టి చూసే రోజు వచ్చింది. తమ్ముడు నిచ్చెనెక్కి స్పీకర్లు బిగించాడు. పక్కన అధికారి, వెనకాల సంచులతో బస్సు కోసం నిలబడ్డ జనం. టింగ్‌టాంగ్ బాబాయి ఒక బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని నొక్కాడు. ఎత్తైన హాలు కప్పు కింద టింగ్, వెనకాల టాంగ్. జనం మాటలాపి తలెత్తారు. అధికారి మొహం విప్పారింది. చాలా బాగుంది, మీకెలా అనిపిస్తోంది మాస్టారూ అని అడిగాడు.

ఊరందరి ముందు ఆయన ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. బాగుందనొచ్చు. ఎవరికీ తెలియదు.

"నన్నడక్కండి. నాకు సగమే వినపడుతుంది. పైవన్నీ మా ఆవిడ చూసుకుంటుంది" అన్నాడాయన, లేతుపనివాడు గీత దగ్గర కోసినట్టు తేటగా. అని ఆవిడకేసి తిరిగాడు. "ఎలా ఉంది?"

ఎన్నేళ్ళయిందో ఆ ప్రశ్న ఆయన నోట విని. అలవాటు కొద్దీ బాగుందండీ అన్నమాట ఆవిడ నాలిక చివరికి వచ్చేసింది. మింగేసింది. ఆయన్ని మళ్ళీ ఒకసారి మోగించమంది. కళ్ళు మూసుకుని వింది. ఇంట్లో కుదిరిన గీత ఈ హాలులో కుదరలేదు, ఆ గచ్చు మీద పడి మోగి, మిగతావాళ్ళు లేచిపోయినా అదొక్కటే కూర్చుని ఉంది.

"పైనుంచి మూడోదాన్ని కాస్త దించండి. వెళ్ళాల్సినప్పుడు వెళ్ళట్లేదు."

ఆయన మారుమాట్లాడకుండా ఆ గీత పట్టుకుని దించాడు. మళ్ళీ నొక్కాడు. ఆయనకి ముందు మోగినదానికీ ఇప్పుడు మోగినదానికీ ఇసుమంత తేడా తెలియలేదు. తెలియదని ఆవిడకి తెలుసు. సంచుల మధ్య ఎవరి చంకలోనో ఏడుస్తున్న పిల్ల ఏడుపాపి కప్పుకేసి చూసింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుందండీ" అంది టైలరమ్మ.

ఆయన తలూపి కంప్యూటరు ఆపేశాడు. పెళ్ళైనప్పట్నుంచి ఆవిడ అంటున్న ఆ మాటని ఆయన నమ్మడం అదే మొదటిసారి.